‘ఆధార్ ఉంటే చాలు’ అని నేపాల్ యాత్రలు అమ్ముతున్నవారికి బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల నుంచి కాశీ, ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలు నడుపుతున్న నిర్వాహకులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటక శాఖల అధికారులకు,

నమస్కారం.

ముందు ఒక మంచిమాట. హిందీ ముక్క రాని పెద్దవాళ్లను అంత దూరం తీసుకెళ్లడం, వెంట వంటవాళ్లను పెట్టుకుని గోరఖ్‌పూర్‌లోనూ పోఖరాలోనూ పప్పుచారు అన్నం పెట్టడం చిన్న పని కాదు. మీరు లేకపోతే మా ఊళ్లో చాలామంది ముక్తినాథుడి దర్శనం చేసుకునేవాళ్లే కాదు. అందుకే ఇన్నాళ్లూ బయట మాట్లాడకుండా మావాళ్లను తీసుకెళ్లిన సంస్థకే ఉత్తరాలు రాశాం. వాటికి జవాబు లేదు. పర్యాటక శాఖకు అర్జీ పెట్టాం. ముట్టినట్టు ముద్ర వేసి ఇచ్చారు, ఆ తర్వాత కబురు లేదు. ఇక అందరూ చదివేలా రాయక తప్పడం లేదు.

జరిగింది ఇదీ. వేసవిలో మా ఊరి నుంచి ఒక బృందం రైల్లో కాశీ వెళ్లి, అయోధ్య, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ దగ్గర సరిహద్దు దాటింది. లుంబిని, పోఖరా, ముక్తినాథ్ చూసుకుని చివరికి ఖాట్మండు చేరింది. తిరుగు ప్రయాణం ఢిల్లీకి విమానంలో. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ‘పాస్‌పోర్టు అవసరం లేదు, ఆధార్ ఉంటే చాలు’ అని అచ్చేశారు. సునౌలీలో బస్సులోకి ఒకసారి తొంగి చూసి పంపేశారు, ఎవరి కార్డూ అడగలేదు. దాంతో కరపత్రంలో రాసింది నిజమేనని అందరికీ నమ్మకం కుదిరింది.

ఖాట్మండు విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర ముగ్గురిని ఆపేశారు. ఒకావిడకు 62 ఏళ్లు, ఇంకొకావిడకు 64. మూడో మనిషి ఇంటర్ చదువుతున్న కుర్రాడు, 17 ఏళ్లు. ముగ్గురి చేతిలోనూ ఆధారే ఉంది. అదే వరుసలో వాళ్లకంటే ముందు నిలబడ్డ 71 ఏళ్ల పెద్దాయన అదే ఆధార్ చూపించి లోపలికి వెళ్లిపోయారు. ఆయన్ని పంపి తమను ఎందుకు ఆపారో ఆ ఆడవాళ్లకు అర్థం కాలేదు. చెప్పేవాళ్లూ లేరు. పర్సులో ఓటరు కార్డు ఉన్నవాళ్లు, పాస్‌పోర్టు తెచ్చుకున్నవాళ్లు విమానం ఎక్కారు. ఆ రోజు శనివారం, నేపాల్‌లో వారపు సెలవు. గైడ్ ఆ ముగ్గురిని ట్యాక్సీ ఎక్కించి బిహార్ సరిహద్దులోని రక్సౌల్ వైపు పంపించాడు. రాత్రంతా ఘాట్ రోడ్డు. అక్కడి నుంచి రిజర్వేషన్ లేని రైలు. ఇళ్లు చేరేదాకా వాళ్ల పిల్లలు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

ఇందులో అన్నింటికంటే బాధ కలిగించేది మరొకటి ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్లకూ ఓటరు కార్డులు ఉన్నాయి, ఇంట్లో బీరువాలో. ఆధార్ చాలన్నారని వదిలేసి వచ్చారు.

ఫోన్ చేస్తే సంస్థవాళ్లు చెప్పింది: ‘రూల్స్ మావి కాదండీ, రసీదు వెనకాల చూసుకోండి.’ చూశాం. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, తగిన గుర్తింపు పత్రాల బాధ్యత యాత్రికులదేనట. ముందు పేజీలో ఆధార్ చాలని మీరే చెప్పి, వెనక పేజీలో ఏది తగినదో మీరే తెలుసుకోండి అంటే ఎలా?

ఇంతకీ నియమంలో రహస్యం ఏమీ లేదు. కేంద్ర హోంశాఖ, ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం ఎప్పటినుంచో చెబుతున్నదే. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. 1950 నాటి ఒప్పందం నుంచి రెండు దేశాల ప్రజలకూ రాకపోకల సౌకర్యం ఉంది. విమానంలో వెళ్లాలన్నా రావాలన్నా మాత్రం చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఫొటో ఓటరు కార్డు గానీ ఉండాలి. 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు సడలింపు ఉంది. వయసు, మనిషి ఆనవాలు తెలిసే ఫొటో కార్డు, అంటే పాన్, డ్రైవింగ్ లైసెన్సు, రేషన్ కార్డు వంటివి చూపించవచ్చు. ఈ రెండు వయసుల వాళ్లకు ఆధార్ కూడా పనికొస్తుందని 2019 జనవరిలో చేర్చారు. 15 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకైతే ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ చెల్లుతుంది. భూటాన్‌కు కూడా పెద్దవాళ్లకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డే.

2019 నాటి ఆ సడలింపే సగానికి కత్తిరించుకుపోయి ‘నేపాల్‌కు ఇక ఆధార్ చాలు’ అని వాట్సాప్‌లో తిరిగింది. అక్కడి నుంచి మీ కరపత్రాల్లోకి ఎక్కింది. వయసుల మాట దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆధార్‌కు ఎందుకు ఇంత పట్టింపు అని అడిగేవాళ్లున్నారు. మన దగ్గర రైలుకూ బ్యాంకుకూ సిమ్ కార్డుకూ అన్నింటికీ అదే కాబట్టి ఆ అనుమానం సహజం. ఆధార్ ఇచ్చేది ఈ దేశంలో నివసిస్తున్నవాళ్లకు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే విదేశీయుడైనా తీసుకోవచ్చు. ఆధార్ నంబరు దానంతట అదే పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. సరిహద్దు దగ్గర వాళ్లకు తెలియాల్సింది మనం ఏ దేశ పౌరులమన్నది. ఓటు హక్కు పౌరులకే ఉంటుంది కాబట్టి ఓటరు కార్డు ఆ పని చేస్తుంది. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి బయల్దేరిన ఐసీ-814 విమానం హైజాక్ అయిన సంగతి మరిచిపోలేం. ఆ దారిలో విమానం ఎక్కేవాళ్ల కాగితాలు గట్టిగా చూస్తున్నారంటే తప్పు పట్టడానికేం లేదు. మా ఫిర్యాదు ఆ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి మీద కాదు.

ఈ ఒక్క సగం మాట వల్ల మామూలు జనానికి ఏమవుతోందో చూడండి.

1. ఎక్కువగా ఇరుక్కుంటున్నది 60 నుంచి 65 మధ్య వాళ్లు. మన లెక్కలో 60 నిండితే పెద్దవాళ్లే. బ్యాంకులో సీనియర్ సిటిజన్ వడ్డీ 60కే వస్తుంది. ఆంధ్రలో వృద్ధాప్య పింఛనూ చాలామందికి 60కే. కాబట్టి ‘పెద్దవాళ్లకు ఆధార్ చెల్లుతుందట’ అని వినగానే అది తమకూ వర్తిస్తుందనుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగులు ఆంధ్రలో 62కు, తెలంగాణలో 61కి రిటైర్ అవుతున్నారు. రిటైరైన ఏడాదే కదా భార్యాభర్తలు కాశీ, నేపాల్ అని బయల్దేరేది! అంటే మీ యాత్రల్లో ఎక్కువమంది సరిగ్గా ఆధార్ చెల్లని వయసులోనే మీ దగ్గరికి వస్తున్నారు. రైతులు, కూలీలు, చిన్న దుకాణాల వాళ్లు కూడా పిల్లల పెళ్లిళ్లు అయ్యాక, ఒంట్లో ఓపిక ఉండగానే వెళ్లాలని ఈ వయసులోనే వస్తారు. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైన ఉంది, 70 దాటాక అక్కడికి ఎక్కడం కష్టమని మీరే వాళ్లకు చెబుతారు.

2. తర్వాత ఇంటర్ పిల్లలు. తాత, అమ్మమ్మలకు సామాను పట్టడానికి, ఫోన్ చూడటానికి మనవడినో మనవరాలినో వెంట పంపుతాం. ఆ వయసులో ఓటరు కార్డు ఉండదు, పాస్‌పోర్టు చాలామందికి ఉండదు. ఇక మిగిలింది ప్రిన్సిపాల్ సర్టిఫికెట్. యాత్రేమో వేసవి సెలవుల్లో. అప్పుడు కాలేజీకి తాళం. ప్రిన్సిపాల్ దొరికినా, అలాంటి సర్టిఫికెట్ ఒకటి ఉందని ఆయనకు తెలియాలి, నమూనా ఉండాలి. బోనఫైడ్ రాసిచ్చి పంపిస్తే అది ఆ నమూనా కాదు. 18 దాటిన డిగ్రీ పిల్లలది ఇంకో కథ. ఓటుకు దరఖాస్తు చేసుకోమంటే ‘ఎన్నికలప్పుడు చూద్దాంలే’ అంటారు. 17 నిండగానే ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం చెబుతున్నా పట్టించుకునేవాళ్లు తక్కువ.

3. ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. పాత కార్డుల్లో ఫొటో నల్లగా మసిబారి మనిషి పోలిక తెలియదు. లామినేషన్ ఊడిపోయి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం రాసి ఉంటే ఓటరు కార్డులో పొడి అక్షరమే ఉంటుంది. ఆడవాళ్ల కార్డుల్లో ఒకదానిలో పుట్టింటి పేరు, ఒకదానిలో అత్తింటి పేరు. మీరేమో టికెట్ ఆధార్ చూసి బుక్ చేస్తారు, కౌంటర్‌లో చూపించేది ఓటరు కార్డు. పేరు కలవకపోతే వాళ్లతో వాదించాల్సింది ఆ పెద్దావిడే, అదీ హిందీలోనో ఇంగ్లిషులోనో. ఏ కార్డు తీసుకెళ్తున్నారో ఆ కార్డులో ఉన్నట్టే టికెట్ మీద పేరు ఉండాలని బుకింగ్ రోజునే చెబితే సరిపోయేది. జిరాక్సు, ఫోన్‌లో ఫొటో నమ్ముకుని రావద్దని కూడా చెప్పాలి.

4. కుటుంబమంతా కలిసి వెళ్తే, పెద్దవాళ్లలో ఒకరి దగ్గర పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉంటే, మిగతావాళ్లు ఫొటో గుర్తింపు, బంధుత్వం రుజువు చూపించి వెళ్లే వీలు కూడా నియమాల్లో ఉంది. మంచిదే. మన ఇళ్లల్లో అది అంత తేలిగ్గా అక్కరకు రాదు. పెళ్లి కాగానే కొడుకు రేషన్ కార్డు వేరవుతుంది. నాయనమ్మ ఒక కార్డులో, మనవడు ఇంకో కార్డులో. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డా కాగితం మీద బంధుత్వం కనిపించదు. ఇక ఒకే బస్సులో వచ్చిన నలభై మందీ ఒక కుటుంబమని ఏ కౌంటర్‌లోనూ ఒప్పుకోరు. గ్రూప్ బుకింగ్ ఉంది కదా అని ధైర్యం చెప్పే ఏజెంట్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

5. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మనవల్ని కూడా యాత్రకు తీసుకెళ్తున్నారు. అక్కడ పుట్టిన పిల్లలు అమెరికా పౌరులు. వాళ్ల దగ్గరున్న ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) ప్రయాణ పత్రం కాదు. నేపాల్‌కు వాళ్లు అమెరికా పాస్‌పోర్టుతో, నేపాల్ వీసాతో వెళ్లాలి. తిరిగి భారత్‌లోకి రావడానికి ఆ పాస్‌పోర్టూ ఓసీఐ కార్డూ రెండూ కావాలి. ‘మన పిల్లలే కదా, ఎవరడుగుతారు’ అని రోడ్డు మార్గంలో దాటించే పని దయచేసి చేయకండి. విదేశీ పౌరుల్ని అలా దాటించడం తప్పే, ఆ తప్పుకు చిక్కుకునేది పిల్లలు.

6. కైలాస మానస సరోవరం. దీని మీద ఎక్కువ రాయక్కర్లేదు. దారి నేపాల్ మీదుగానే అయినా చైనా వీసా కావాలి కాబట్టి కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు తప్పనిసరి. ముక్తినాథ్, కైలాసం రెండూ ఒకే కరపత్రంలో వేసి పైన ‘పాస్‌పోర్టు అవసరం లేదు’ అని ముద్రించడం మానండి.

7. ఏదైనా ఉపద్రవం వస్తే కాగితం విలువ అప్పుడు తెలుస్తుంది. 2015 ఏప్రిల్ 25 భూకంపమప్పుడూ, 2025 సెప్టెంబరులో ఆందోళనలు చెలరేగి ఖాట్మండు విమానాశ్రయం మూతపడినప్పుడూ తెలుగు యాత్రికులు అక్కడ చిక్కుకున్నారు. అలాంటప్పుడు ముందు అనుకున్న రోడ్డు దారి పనికిరాకపోవచ్చు, విమానాలు మళ్లీ మొదలయ్యాక అవే దిక్కు కావచ్చు. బస్సులో వచ్చి బస్సులోనే పోతాం, మాకు విమానం రూల్స్ ఎందుకు అనుకునేవాళ్లు కూడా ఓటరు కార్డు దగ్గర పెట్టుకోవాల్సింది అందుకే. కార్డు పోయినా, లేకపోయినా రాయబార కార్యాలయం స్వదేశానికి ఒక్కసారి ప్రయాణించడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మావాళ్ల గైడ్‌కు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే, సెలవు గడిచేదాకా ఆ ముగ్గురిని హోటల్లోనే ఉంచి విమానంలో పంపే ప్రయత్నమైనా జరిగేది.

కొందరు నిర్వాహకులు ‘అయితే అందరినీ పాస్‌పోర్టు చేయించుకోమంటాం’ అంటున్నారు. మాకది సరైన మార్గంగా తోచడం లేదు. స్తోమత ఉన్నవాళ్లు చేయించుకుంటే మంచిదే, పదేళ్లు పనికొస్తుంది. పెద్దలకు ఫీజు 1,500 రూపాయలు, 60 దాటితే పది శాతం తగ్గింపు కూడా ఉంది. కానీ జీవితంలో ఒక్కసారి పశుపతినాథుణ్ని చూడాలనుకునే మనిషిని, పుట్టినతేదీ ఒక్కో కార్డులో ఒక్కోలా ఉన్న మనిషిని, పాస్‌పోర్టు సేవా కేంద్రం చుట్టూ, పోలీసు విచారణ చుట్టూ తిప్పాల్సిన అవసరం లేదు. ఇంట్లో ఉన్న ఓటరు కార్డు చాలు. అది తెమ్మని చెప్పాలి, అంతే.

చెప్పడం మీకు కష్టం కూడా కాదు. డబ్బు కట్టించుకునే రోజునే ప్రతి ఒక్కరి ఆధార్ జిరాక్సు తీసుకుంటున్నారు. పుట్టినతేదీ దాని మీదే ఉంది. ఎవరికి ఏ కార్డు కావాలో తేల్చడానికి నలభై మందికి పది నిమిషాలు పట్టదు.

కాబట్టి నిర్వాహకులను మేం కోరుతున్నవి:

1. ‘ఆధార్ ఉంటే చాలు’ అన్న మాటను కరపత్రాలు, ఫ్లెక్సీలు, వాట్సాప్ ప్రకటనలు అన్నింటిలోంచి తీసేయాలి. దాని బదులు ఏ వయసుకు ఏ పత్రమో తెలుగులో, కనిపించే అక్షరాల్లో వేయాలి.

2. ప్రతి యాత్రికుడి రసీదు మీద అతను తేవాల్సిన పత్రం పేరు చేత్తోనైనా రాసివ్వాలి. బస్సు గానీ రైలు గానీ బయల్దేరే ముందు అసలు కార్డు చూడాలి. టికెట్ మీద పేరు దాంతో సరిపోల్చాలి.

3. మీరు చెప్పకపోవడం వల్ల ఎవరైనా ఆగిపోతే వాళ్లను ఇంటికి చేర్చే ఖర్చు, బాధ్యత మీవే. 62 ఏళ్ల మనిషిని తోడు లేకుండా ట్యాక్సీ ఎక్కించి పంపడం ఇక జరగకూడదు. మీ గైడ్లకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ గురించి, రాయబార కార్యాలయం ఫోన్ నంబర్ల గురించి తెలిసి ఉండాలి.

అధికారులను కోరుతున్నవి:

4. విదేశీ యాత్రలు నడిపే సంస్థలు పత్రాల వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలని పర్యాటక శాఖలు ఆదేశించాలి. తప్పుడు ప్రకటన వేసినవాళ్ల మీద చర్య తీసుకోవాలి. మా అర్జీ ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉందో కనీసం అదైనా చెప్పండి.

5. విద్యాశాఖ, ఇంటర్ బోర్డులు ప్రిన్సిపాల్ సర్టిఫికెట్ నమూనాను అన్ని కాలేజీలకూ, హైస్కూళ్లకూ పంపాలి. సెలవులు ఇచ్చే ముందే అడిగినవాళ్లకు ఇచ్చేలా చూడాలి.

6. గ్రామ, వార్డు సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో నేపాల్, భూటాన్ ప్రయాణ పత్రాల గురించి ఒక నోటీసు అతికించాలి. పాడైపోయిన ఓటరు కార్డు మార్చుకోవడానికి, పేరు సరిచేసుకోవడానికి ఫారం 8 ఉందన్న విషయం కూడా అందులో ఉండాలి. ఒక్క కాగితం అచ్చు ఖర్చు, అంతకు మించి ఏమీ లేదు.

దసరా, కార్తిక మాసం యాత్రలకు కరపత్రాలు అచ్చయ్యేలోపు మీ నుంచి రాతపూర్వకంగా జవాబు ఆశిస్తున్నాం. ఆ ముగ్గురు వాడుకోలేకపోయిన విమాన టికెట్ల డబ్బు, రక్సౌల్ ట్యాక్సీ ఖర్చు, అక్కడి నుంచి రైలు ఛార్జీలు సంబంధిత సంస్థ తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. కరపత్రం, రసీదులు, బోర్డింగ్ ఇవ్వని టికెట్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
వేసవిలో కాశీ, నేపాల్ యాత్రకు వెళ్లివచ్చిన మా ఊరి యాత్రికుల తరఫున